బందెలదొడ్డి మీద ఏటవాలు ఎండ

ఇన్‌స్టాగ్రామ్‌లో డార్ట్‌మూర్ అని వెతకండి. పొగమంచు, గుట్ట మీద నల్లటి గ్రానైట్ బండలు, జూలు ఎగరేస్తున్న ఓ పొట్టి గుర్రం. కింద ‘మనిషి అడుగుపెట్టని ప్రకృతి’ అని క్యాప్షన్. బండల వరకూ ఓకే, వాటి వయసు దాదాపు 28 కోట్ల ఏళ్ళు. మిగతాదంతా మనుషులూ, వాళ్ళ పశువులూ కలిసి తయారుచేసిందే. అందుకే అక్కడికి కెమెరా పట్టుకెళ్ళేవాళ్ళకి ఈ వారం చెప్పేది ఒకటే: బండల్ని కాసేపు పక్కనపెట్టి నేలని చూడండి.

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్‌లో 954 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్ ఇది. ఒకప్పుడు చాలాచోట్ల అడవే. చరిత్రకి ముందే దాన్ని నరికి, కాల్చి, మందల్ని తోలారు. మేత ఆగలేదు కాబట్టి చెట్టు మళ్ళీ లేవలేదు. క్రీ.పూ. 1500 ప్రాంతంలో కంచు యుగపు రైతులు మైళ్ళకొద్దీ రాతిగట్లు వేసి భూమిని పంచుకున్నారు. వీటిని అక్కడ ‘రీవ్స్’ అంటారు. మన పొలంగట్లే అనుకోండి. కాకపోతే స్కేలు పెట్టి గీసినట్టు, ఒకదాని పక్కన ఒకటి, సమాంతరంగా సాగుతాయి. ఇప్పుడు చాలావరకూ గడ్డి కప్పేసిన చిన్న ఉబ్బులే. వేసవి మధ్యాహ్నం ఆ గట్టు మీదే నిలబడినా మీకు తెలియదు.

ఇక్కడే వెలుతురు లెక్క పనికొస్తుంది. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. డార్ట్‌మూర్‌లో 16 డిగ్రీలే! అంటే అడుగెత్తు గట్టుకి మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మూడున్నర అడుగుల నీడ పడుతుంది. అదే గట్టుకి జూన్‌లో అరడుగు నీడ. మనకి తెల్లారిన గంటన్నరలో చెయ్యిజారిపోయే ఏటవాలు ఎండ, అక్కడ చలికాలంలో పగలంతా దొరుకుతుంది. మబ్బు పట్టకపోతేనే లెండి, అక్కడ మబ్బు పట్టని రోజు కోసం సెలవులు మిగుల్చుకోవాలి. పైగా వేసవిలో నడుమెత్తు పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క, చలికి ఎండి తుప్పురంగులో నేలకి ఒరిగిపోతుంది. అప్పుడు గట్లు, గుడిసెల పునాదులు బయటపడతాయి. పచ్చదనం కోసం జూన్‌లో వెళ్ళేవాళ్ళని ఆపను కానీ, నా ఓటు డిసెంబర్‌కే.

ఒక్క చోటికే టైముంటే గ్రిమ్స్‌పౌండ్ వెళ్ళండి. గుండ్రటి రాతిగోడ, లోపల 24 రాతి గుడిసెల పునాదులు. ‘పౌండ్’ అంటే ఏంటో మన పల్లెల్లో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు, బందెలదొడ్డి. లోపలికెళ్ళి తీస్తే రాళ్ళగుట్టలాగే వస్తుంది. పక్కనే ఉన్న హుక్‌నీ టోర్ ఎక్కి కిందకి చూడండి, దొడ్డి మొత్తం ఒకే ఫ్రేములో పడుతుంది. 70-200 లెన్స్ చాలు. సాయంత్రం ఎండ నైరుతి నుంచి కెమెరా వైపుకి వస్తూ ప్రతి గుడిసె వలయానికీ నీడ గీస్తుంది. లెన్స్ హుడ్ మర్చిపోకండి. ఒక చిన్న సంగతి: 1894లో తవ్వినవాళ్ళు కొంత భాగాన్ని తిరిగి నిలబెట్టారు. కాబట్టి మరీ చక్కగా కనిపించే రాళ్ళ కింద ‘మూడువేల ఏళ్ళుగా చెక్కుచెదరలేదు’ అని రాయకండి.

అసలు గొడవ మేత దగ్గరుంది. ఆ గుర్రాలు అడవివి కావు, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. శరత్కాలంలో వాటిని తోలుకొచ్చి లెక్క చూసుకుంటారు. భూమి ఇంకొకరిది, మేపుకునే హక్కు మాత్రం చుట్టుపక్కల రైతులది. ఒకప్పుడు తలకింత అని సబ్సిడీ ఇచ్చారు, గొర్రెలు పెరిగాయి, ఊదాపూల హీథర్ పొదలు తగ్గాయి. తర్వాత మందలు తగ్గించారు. ఇప్పుడు చాలాచోట్ల మోలీనియా అనే ముతకగడ్డి కమ్మేస్తోంది. 2023లో ఇంకా తగ్గించమన్నప్పుడు రైతులు ఎదురుతిరిగారు, ప్రభుత్వం స్వతంత్ర సమీక్ష వేయించింది. ఆ గడ్డి అదుపులో ఉండాలంటే వేసవిలో ఆవులూ గుర్రాలూ మేయాలన్నది ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆ నివేదికలోని ఒక ముఖ్యమైన మాట. అక్కడ అందరికీ తక్కువ మేతే మందూ కాదు, ఎక్కువ మేతే మందూ కాదు. మేత మరీ తగ్గితే గట్లు పొదల కింద మాయమవుతాయి, బ్రాకెన్ వేర్లు మట్టిలోని పాత పొరల్ని చెడగొడతాయి.

అందుకే వీపు మీద రంగు గుర్తులున్న గొర్రెని ఫ్రేములోంచి తీసేయడం నాకు నచ్చదు. ఆ ఫొటోలో పనిచేస్తున్నది అదొక్కటే! ఏఐ ఎరేజర్‌తో ఒక్క ట్యాప్‌లో పోతుందని నాకూ తెలుసు. దానికి బదులు ఒక చోటు ఎంచుకుని, జీపీఎస్ లొకేషన్, లెన్స్ ఫోకల్ లెంగ్త్, తేదీ రాసిపెట్టుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు అదే ఫ్రేము తీయండి. అక్కడ చదువుతున్న మన స్టూడెంట్స్‌కి ఇది తేలిక, ఎక్సెటర్ దగ్గరే. నాలుగేళ్ళ ఫొటోలు పక్కపక్కన పెడితే గడ్డి ఎటు పోతోందో లైకుల కోసం తీసిన సూర్యాస్తమయంలో కన్నా బాగా తెలుస్తుంది.

ఉత్తరం వైపు కొంత భాగం సైన్యం ఫైరింగ్ రేంజ్. ఎర్రజెండా ఎగిరితే లోపలికి వెళ్ళొద్దు, రాత్రయితే ఎర్రదీపం. తెల్లవారుజాము వెలుతురు కోసం టెంట్ వేయాలంటే అనుమతి ఉన్న కామన్స్‌లో వేసుకోవచ్చు, ఆ హక్కుని సుప్రీంకోర్టు 2025 మే నెలలో ఖాయం చేసింది. మ్యాప్ ముందే చూసుకోండి. గుర్రాలు దగ్గరికి రావాలని బిస్కెట్లు మాత్రం పెట్టకండి. తిండికి అలవాటుపడి రోడ్ల మీదకి వస్తాయి, కార్ల కింద పడతాయి.