ఓటీపీ కువైట్‌కి, అమ్మీ క్లినిక్‌లో

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే సూళ్లూరుపేటలో అందరం మేడలెక్కి చూస్తాం. ఆ ఆకాశానికీ, ఇంట్లో నానీమా షుగర్‌కీ సంబంధం లేదనుకోవద్దు. చిత్తూరు జిల్లా అరగొండలో, ఊరి ఆస్పత్రిలో, 2000 మార్చి 24న టెలిమెడిసిన్ మొదలైంది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చిన రోజది. మరుసటి ఏడాది ఇస్రో తన శాటిలైట్ ప్రయోగానికి ఎంచుకున్నదీ ఆ ఊరినే. పల్లెలో తీసిన ఈసీజీని చెన్నై అపోలోలో డాక్టర్ సాబ్ చూసేవాడు.

ఇప్పుడు శాటిలైట్ కూడా అక్కర్లేదు. ఈ-సంజీవనితో ఊరి క్లినిక్ నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడొచ్చు. 14 అంకెల ఆభా నంబరుకి పాత రిపోర్టులు, నుస్ఖాలు జతచేసి పెట్టుకోవచ్చు. మన బుజుర్గులకు ఇది నిజంగా కావాలి. ఏం మందు వాడుతున్నావమ్మా అంటే "తెల్ల గోలీ బేటా, చిన్నది" అంటారు. బీపీదీ తెల్లదే, షుగర్‌దీ తెల్లదే!

కానీ ఆధార్‌తో ఆభా తీయాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఎవరికి పోతుంది? ఆధార్‌కి కొడుకు నంబరు ఇచ్చి ఉంటారు. ఆ కొడుకు కువైట్‌లో డ్యూటీలో ఉంటాడు. అమ్మీ క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఉంటుంది. వేలిముద్ర పెట్టొచ్చు కదా అంటారు. ఇన్నేళ్లు గిన్నెలు తోమి, బీడీలు చుట్టిన వేళ్లలో గీతలెక్కడ మిగిలాయి?

ఇంకో మాట, మనం ఇళ్లలో మాట్లాడుకోనిది. ఫోన్ మనవడి చేతిలో పెట్టుకుని నానీమా తన మూత్రం బాధ డాక్టర్‌కి ఎలా చెబుతుంది? "కుచ్ నై బాబా, ఠీక్ హూఁ" అనేస్తుంది. ఆమె తబియత్ సంగతి ఆమె అమానత్. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో తేల్చుకునే హఖ్ కూడా ఆమెదే. కొడుకు పైసలు పంపుతున్నాడని ఆ హఖ్ కొడుక్కి పోదు.

సర్కారు తన పని చేయాలి. నుస్ఖాను తెలుగులో, అడిగినవాళ్లకు ఉర్దూలో, పెద్ద అక్షరాలతో కాగితం మీద ఇవ్వాలి. మనం మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. ఓటీపీ మెసేజ్ మీటల ఫోన్‌కీ వస్తుంది, స్మార్ట్‌ఫోనే కావాలని లేదు. ఈద్‌కి అమ్మీకి చీర కొనేటప్పుడు ఆమె పేరు మీద ఒక సిమ్, ఒక చిన్న ఫోన్ కూడా కొనండి. ఆధార్ సెంటర్‌కి స్వయంగా తీసుకెళ్లి ఆ నంబరు ఎక్కించండి. వీడియోలో డాక్టర్ వచ్చాక, ఆమె రమ్మంటే తప్ప, కాసేపు బయట నిలబడండి.