పెద్దాళ్ళ ప్రేమకి ఈల వెయ్యరేం?

యువ పాఠకుల్లారా! ఈ వారం మీతోనే నాకో చిన్న పేచీ. కోప్పడకుండా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టదలిస్తే తిట్టండి.

‘వేటగాడు’ మీ నాన్నగారి తరం నేల టిక్కెట్టు కొని చూసిన సినిమా. 1979లో వచ్చింది. అప్పటికి హీరో ఎన్.టి. రామారావుకి 56 ఏళ్ళు. హీరోయిన్ శ్రీదేవికి ఇంకా 16 నిండలేదు. వాళ్ళిద్దరి డ్యూయెట్లకి హాళ్ళు ఈలలతో మోగిపోయాయి. విశేషం ఏమిటంటే, అంతకు ఏడేళ్ళ ముందు ‘బడిపంతులు’లో ఆ అమ్మాయే ఆయనకి మనవరాలు! ఇందులో నటుల తప్పేమీ లేదు. వెండితెర మీద వయసు మేకప్ డబ్బాలో ఉంటుంది. ఒప్పుకుందాం.

కానీ అదే తెర మీద జుట్టు నెరిసిన ఓ ఆడమనిషీ, బట్టతల పెద్దాయనా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారనుకోండి. హాల్లో ఏమవుతుంది? “తాతా, ఆగు!” అని ఒక కేక. పకపకా నవ్వులు. ఆయనకి 56 ఏళ్ళయి పక్కన 16 ఏళ్ళ పిల్ల ఉంటే ఈల, పక్కన 50 ఏళ్ళ మనిషి ఉంటే ఎగతాళి! ఇదేం న్యాయమండీ?

తెర మీద సంగతి అలా ఉంచండి. ఊళ్ళో ఇంకా ఘోరం. నేనుండేది మన్ననూరు. నల్లమల అంచున, శ్రీశైలం దారిలో ఉన్న ఊరు. రాత్రి తొమ్మిదింటికి అడవి గేటు పడితే మళ్ళీ పొద్దున ఆరింటికి గాని తెరవరు. ఆ తర్వాత పులుల రాజ్యం. ఇంత నిశ్శబ్దమైన చోట మాట మాత్రం గేటుకి ఆగదు. ఎవరింటి ముందు ఎవరు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడ్డా తెల్లారేసరికి వీధి చివరిదాకా చేరిపోతుంది.

మొన్న చెక్‌పోస్టు దగ్గర టీ తాగుతుంటే నలుగురు కుర్రాళ్ళు ఫోన్‌లో ‘కేరాఫ్ కంచరపాలెం’ చూస్తున్నారు. ఒకడన్నాడు: “ఏంది సార్, గీ వయసుల గాయనకు ప్రేమేంది?”

నేను నోరు తెరిచేలోగా పక్కన సీతాఫలాల గంప పెట్టుక్కూర్చున్న అవ్వ అందుకుంది. “ఏం బిడ్డా, వయసొస్తే ఆకలి కాదా? చలి పుట్టదా? మాట్లాడ మనిషి వద్దా? మీరంతా పట్నం పోయిండ్రు. మాతోని మాట్లాడేటోడెవడు?”

కుర్రాళ్ళు గప్‌చుప్. నేనూ గప్‌చుప్.

ఆ ప్రశ్న ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. మనకీ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆలోచిస్తే నాకు తట్టిన జవాబు ఇది. మనకి నవ్వడం నేర్పిన గురువు గురజాడ అప్పారావుగారే! 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో పసిపిల్లని డబ్బిచ్చి కొనుక్కుని పెళ్ళాడబోతాడు. 1955లో దాన్ని సినిమాగా తీస్తే ఆ వేషంలో గోవిందరాజుల సుబ్బారావుగారు జనాన్ని కడుపుబ్బ నవ్వించారు. ఆ నవ్వు ధర్మమైన నవ్వు. ఓ పసిదాని గొంతు కోసేవాణ్ణి చూసి నవ్వకపోతేనే తప్పు.

తర్వాత్తర్వాత ఏమైందంటే, పసిపిల్ల సంగతి మరిచిపోయాం. ముసలాయన పెళ్ళి మాత్రం గుర్తు పెట్టుకున్నాం. సమవయస్కులైన ఇద్దరు పెద్దవాళ్ళు, పూర్తి ఇష్టంతో, ఎవరికీ అన్యాయం చెయ్యకుండా కలిసి బతుకుతామంటే కూడా ఆ పాత నవ్వే తీసి వాడేస్తున్నాం. బాణం మంచిదే, గురే తప్పింది.

సంస్కరణల వాళ్ళనైనా చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం జరిపించారు. వెలివేస్తామన్నా వెనక్కి తగ్గలేదు. 1939లో వై.వి. రావు ‘మళ్ళీ పెళ్ళి’ సినిమా తీశారు, కాంచనమాల కథానాయిక. గొప్ప పనులు. కాని ఆ పెళ్ళిళ్ళన్నీ చిన్న వయసు వితంతువుల కోసం. పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, ఒంటరిగా మిగిలిన యాభై ఏళ్ళ అమ్మ ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్క వేసింది 1984లో క్రాంతికుమార్ ‘స్వాతి’. కూతురు సుహాసిని, తల్లి శారద. ఆ కూతురు తన పెళ్ళి సంగతి పక్కన పెట్టి తల్లికి పెళ్ళి చేస్తుంది! వరుడు పిల్లలున్న జగ్గయ్య. సినిమా అంతా ఒక ఎత్తు, ఆ పిల్ల ధైర్యం ఒక ఎత్తు. నలభై ఏళ్ళు దాటాయి. అలాంటి కూతుళ్ళని మన తెర మీద మళ్ళీ ఎందరిని చూశారో మీరే వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

తర్వాత 2018లో వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖపట్నంలో ఓ పేట. 49 ఏళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు. ఆ ఆఫీసుకి పెద్దగా వచ్చిన రాధ, భర్త పోయిన మనిషి, ఎదిగిన కూతురుంది. ఆయనకి పెళ్ళి కానప్పుడూ పేటంతా గుసగుసలే, పెళ్ళి మాట వచ్చినప్పుడూ గుసగుసలే! ఇదీ లోకం తీరు. వేషాలు వేసినవాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కల మామూలు మనుషులు. అందుకే ఆ గుసగుసలు మన వీధిలోవే అనిపిస్తాయి. చూడనివాళ్ళ కోసం చివరి మలుపు చెప్పను.

అన్నట్లు, ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. ఎక్కడో యూరప్‌లో హంగేరీ ఉంది. అక్కడ కారోయ్ మక్ అనే దర్శకుడు 1974లో ఓ సినిమా తీశాడు. ‘పిల్లుల ఆట’ అని అర్థం వచ్చే పేరు. మూలం ఇస్త్వాన్ ఎర్కేన్ రచన. బుడాపెస్టులో ఓ వితంతువు, వయసు పైబడింది. పూర్వం తను మనసిచ్చిన గాయకుణ్ణి ఇప్పటికీ ఇంటికి పిలిచి వండిపెడుతుంది. విదేశంలో ఉన్న అక్కేమో, ఈ వయసులో ఇదేమిటని మందలిస్తూంటుంది. ఇవతల ఈవిడ మాత్రం పదహారేళ్ళ పిల్లలా అసూయపడుతుంది, అలుగుతుంది, ఏడుస్తుంది. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. బుడాపెస్టయినా కంచరపాలెమైనా మందలింపు ఒక్కటే: “ఈ వయసులోనా?”

తెర మీదే కాదు, నిజ జీవితంలోనూ మనం చూశాం. 1985లో భార్య బసవతారకం పోయాక, 1993లో తన 70వ ఏట ఎన్.టి. రామారావు లక్ష్మీపార్వతిని పెళ్ళాడారు. ఊరు కాదు, రాష్ట్రమే అట్టుడికింది. 1995లో ప్రభుత్వం చేతులు మారింది. ఆ రాజకీయాల్లో ఎవరి వాదన వాళ్ళది, నాకు వద్దు. నేను చూసిందొక్కటే. 56వ ఏట తెర మీద ఆయన స్టెప్పులకి డబ్బులు విసిరిన అభిమానుల్లోనే, ఇంట్లో తోడు కావాలన్నప్పుడు ముఖం చిట్లించినవాళ్ళు బోలెడంతమంది!

ఇప్పుడు మా అడవి సంగతి వినండి. చెంచుల్ని మనం వెనకబడినవాళ్ళంటాం. 1940 ప్రాంతంలో ఆస్ట్రియా నుంచి వచ్చిన పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ గుట్టల్లో చెంచులతో గడిపి 1943లో పుస్తకం వేశాడు. చెంచుల్లో పెళ్ళికి ఆడా మగా ఇష్టపడటం ముఖ్యమని, భర్త పోయినావిడ మళ్ళీ మనువాడటానికి అడ్డు లేదని అందులో రాశాడు. ‘చెంచులక్ష్మి’ని 1943లో ఒకసారి, 1958లో నాగేశ్వరరావు, అంజలీదేవిలతో మరోసారి సినిమా తీసుకుని ముచ్చటపడ్డాం. ఆ చెంచుల దగ్గర నేర్చుకోవలసింది మాత్రం తెర మీదే వదిలేసి ఇంటికొచ్చాం.

సరే, అసలు విషయానికొస్తాను. పిల్లలు వద్దనేది నిజంగా పరువు కోసమేనా? నాకు అనుమానమే. చాలా ఇళ్ళల్లో పరువు ముందు గదిలో కూర్చుంటుంది, పొలం పాసుబుక్కు వెనక గదిలో ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తిలో పిల్లలతో పాటు భార్యకీ సమానంగా ఓ వాటా. రెండో పెళ్ళయినా, అది చట్టప్రకారం చెల్లేదయితే వాటా వాటాయే. భయం అక్కడుంది. భయపడటం నేరమని నేననను. కాని దానికి మందుంది. స్వార్జితం ఎవరికెంతో ముందే వీలునామా రాసి, అందరూ ఒక చాప మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు. కాగితంతో తీరే చిక్కుకి మనిషి బతుకంతా ఒంటరిగా శిక్ష వెయ్యడం దేనికి? హైదరాబాదులో ‘తోడు నీడ’ అనే సంస్థ 2010 నుంచి పెద్ద వయసువాళ్ళకి తోడు వెతికే పని పెట్టుకుంది. అవసరం లేకపోతే అలాంటివి పుడతాయా?

అమ్మానాన్నా ఇద్దరూ ఉంటే అదృష్టమే. తనికెళ్ళ భరణిగారి ‘మిథునం’ (2012) చూశారుగా? బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరే ఇద్దరు మనుషులు తెర మీద. పోట్లాడుకుంటారు, వండుకుంటారు, తింటారు. అది చూసి “ఆహా, ముసలి దంపతులంటే ఇలా ఉండాలి” అని కళ్ళు తుడుచుకున్నాం. ఆ ఇద్దరిలో ఒకరు పోయాక మిగిలినవాళ్ళు ఏం చెయ్యాలి? వంటింట్లో రెండో కంచం బోర్లించేసి, టీవీ సౌండు పెంచుకుని కూర్చోవాలా?

మీలో చాలామంది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉండి ఇది చదువుతూంటారు. ఊళ్ళో అమ్మకి వారానికోసారి ఫోన్ చేస్తారు. “తిన్నావా? మందులేసుకున్నావా?” అంతటితో సరి. రేపొకరోజు ఆవిడ గొంతులో కొత్త హుషారు వినిపించి, ఫలానా ఆయన ఇలా అన్నాడురా, అలా అన్నాడురా అని రెండుసార్లు చెప్పిందనుకోండి. వెంటనే “ఎవరాయన?” అని పోలీసులా అడక్కండి. “తర్వాతేమన్నాడమ్మా?” అనండి. స్నేహమైతే స్నేహం, పెళ్ళయితే పెళ్ళి, ఏదీ కాకపోతే మాట్లాడుకోవడానికో మనిషి. అది తేల్చుకోవలసింది ఆవిడ. ప్రేమించే హక్కు కోసం మీరు మీ నాన్నతో పోట్లాడారు కదా, అదే హక్కు ఆయనకి ఇవ్వడానికి చేతులు రావేం?

ఈ నెలలో మీరు చూసే సినిమాలో ఎక్కడో ఓ మూల, హీరోగారి బామ్మో, పక్కింటి మేష్టారో కాస్త సిగ్గుపడుతూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునే సీనొకటి వస్తుంది. కామెడీ ట్రాకులోనే వస్తుంది లెండి. అప్పుడు నవ్వొద్దు. గట్టిగా ఓ ఈల వెయ్యండి. వెనక సీట్లో ఓ పెద్దావిడ కూర్చుని ఉండొచ్చు. వింటుంది.