భుజాన శవం, చేతిలో కత్తి

చందమామ రాగానే బేతాళ కథ బొమ్మ చూసి, ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకున్న వాళ్లు మీలో ఎందరు? శ్మశానం, భుజాన శవం, చేతిలో కత్తి. శంకర్ గీసిన విక్రమార్కుడు నెలనెలా అదే నడక నడిచేవాడు. నిజానికి శవం కన్నా, నోరు విప్పకుండా నడిచే ఆ రాజే ఎక్కువ భయపెట్టేవాడు!

దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని సీరియళ్లకు చిత్రా వేసిన రాక్షసులది ఇంకో తీరు. కోరలున్నా ముద్దొచ్చేవారు. ఇక 1951లో ‘పాతాళభైరవి’ తీసిందీ చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే. ఎస్వీ రంగారావు మాంత్రికుణ్ణి మరిచిపోగలమా?

చందమామ ఆగిపోయింది. 2020లో శంకర్ కూడా వెళ్లిపోయారు. నరసన్నపేటలో మా అటక మీది కట్టను చెదలు సగం తినేశాయి. మీ ఇంట్లో ఉంటే దించండి, పిల్లలకివ్వండి. పడుకునే ముందు మాత్రం వద్దు.