అవుట్‌లెట్స్ దాటి వెళితే డలానెగా

ఆడవాళ్ళు ఒక రోజు బయటికి వెళ్ళొస్తే ఇంట్లో వినబడే మొదటి ప్రశ్న "ఏం కొన్నావు?" అని. ఎలా గడిచింది అని కాదు, ఏం తిన్నారు అని కూడా కాదు. మగవాళ్ళు శనివారం పొద్దున్నే వెళ్ళి నాలుగు గంటలు క్రికెట్ ఆడి వస్తే "ఏం తెచ్చావు?" అని ఎవరైనా అడుగుతారా? మనం గడప దాటడానికి మాత్రం ఒక కారణం ఉండాలి, ఆ కారణం సంచిలో కనబడాలి. ఈ లెక్కతో నాకు ఎప్పటినుంచో పేచీ ఉంది. మొన్న సెప్టెంబరులో డలానెగా వెళ్ళొచ్చాక అది ఇంకాస్త ముదిరింది.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి జార్జియా 400 రోడ్డు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆల్ఫరెటా, కమ్మింగ్ దాటి ఉత్తరానికి పోతూ ఉంటే డాసన్‌విల్ దగ్గర అవుట్‌లెట్ మాల్ వస్తుంది. మనలో చాలామందికి ఆ రోడ్డు అక్కడితో సరి. ఇండియా ప్రయాణం ఖాయమైందంటే చేతిలో చీటీ పట్టుకుని అక్కడ దిగడమే. ఆడపడుచుకి హ్యాండ్‌బ్యాగు, మరిదికి బూట్లు, పెదనాన్నగారి మనవలకి టీషర్టులు. తోటికోడలి బ్యాగు కంటే ఆడపడుచు బ్యాగు పెద్దదైందా, చిన్నదైందా అన్న బెంగ వేరే. ఇంటికొచ్చి సూట్‌కేసు తూకమేసి, మూత మీద కూర్చుని జిప్పు లాగేసరికి నడుం పట్టేస్తుంది. దాన్ని షాపింగ్ అంటారు గానీ నా మట్టుకు అది డ్యూటీ.

ఆ మాల్ దాటి ఇంకో అరగంట లోపే డలానెగా. అట్లాంటా నడిబొడ్డు నుంచైతే 65 మైళ్ళు. అమెరికా దక్షిణాది ఊళ్ళు ఎలా ఉంటాయో చూడాలంటే ఇంతకంటే తేలికైన చోటు మాకు దగ్గర్లో లేదు. ఊరి మధ్యలో 1836లో కట్టిన ఇటుకల కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వైపులా దుకాణాలు, దుకాణాల ముందు కొయ్య స్తంభాల వసారాలు. వసారాల్లో ఊగే కుర్చీలు. కూర్చుంటే లేవమని ఎవరూ అనరు. దుకాణాల్లోకి అడుగు పెడితే "హనీ" అని పలకరిస్తారు. మన బజారులో కూరగాయలమ్మి "ఏం తల్లీ" అన్నట్టే ఉంటుంది, కొన్నా కొనకపోయినా అదే పిలుపు.

వెళ్ళింది ముగ్గురం. నేను, ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు, మా వీధిలోనే ఉండే కరీంనగర్ అక్క. శుక్రవారం పెట్టుకున్నాం, పిల్లలు బడికి వెళ్ళే రోజు కాబట్టి. స్కూలు బస్సు దగ్గర పిల్లల్ని దించుకోవడం, వాళ్ళకి తిండి పెట్టడం, వయొలిన్ క్లాసుకి తీసుకెళ్ళడం ఆ రోజు మావారి పని. ఆయన దాన్ని "నీకు సాయం చేస్తున్నా" అన్నారు. ఆ మాట దగ్గర మాత్రం నేను ఆగాను. వాళ్ళు మనిద్దరి పిల్లలు, ఇందులో నాకు సాయమేమిటండీ అన్నాను. నవ్వి ఊరుకున్నారు. అత్తగారు మాత్రం నవ్వలేదు, చెప్పులు వేసుకుంటూ నా వైపు ఒకసారి చూశారు.

చౌకు చుట్టూ ఉన్న దుకాణాల గురించి పెద్దగా చెప్పను, అక్కడ కొనాల్సినవి నిజానికి ఎక్కువ లేవు. కళ్ళెదుటే పాలరాతి బల్ల మీద కలిపి పౌండ్ల లెక్కన కోసిచ్చే ఫడ్జ్ బావుంటుంది, కానీ మన పాలకోవా తిన్న నోటికి తీపి మరీ ఎక్కువ. పాత సామాన్ల కొట్లు మటుకు వదలకండి. ఒక కొట్లో తుప్పు వదిలించి నూనె రాసిపెట్టిన ఇనప మూకుడుకి 40 డాలర్ల చీటీ అంటించారు. అత్తగారు దాన్ని ఎత్తి చూసి, "ఇలాంటివి మన అటక మీద మూడున్నాయే, పోయినేడు పాత సామాన్లవాడికి వేద్దామనుకున్నా" అన్నారు. ఆవిడకి ఆ రోజంతా అదే వినోదం. ప్రతి కొట్లోనూ తన పెళ్ళినాటి వంటింటి వస్తువొకటి దొరకడం, దాని ధర చదివించుకోవడం.

నేను కొన్నది ఒక్క మట్టి కప్పు. ఉత్తర జార్జియా కొండల్లో కుమ్మరి పని తరతరాలుగా ఉంది, ఈ ఊళ్ళలో చేత్తో చేసిన కప్పులు, జాడీలు మంచివి దొరుకుతాయి. ఒక్కటే కొన్నాను, సెట్టు కాదు. నాలుగు కొంటే ఇంట్లో అందరికీ అవుతాయి కదా అని నోటిదాకా వచ్చింది గానీ, ఇంట్లో అందరికీ కప్పులున్నాయి.

మధ్యాహ్నం స్మిత్ హౌస్‌లో తిన్నాం. 1922 నుంచీ అక్కడ భోజనం పెడుతున్నారు. పద్ధతి అచ్చం మన బంతి భోజనమే. మనం విడివిడిగా ఏమీ చెప్పక్కర్లేదు, గిన్నెలు గిన్నెలుగా బల్ల మీదికి వస్తాయి, అయిపోతే మళ్ళీ వస్తాయి. వేయించిన కోడి, చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె, బెండకాయ వేపుడు. అవును, బెండకాయే. మొక్కజొన్న పిండి అద్ది కరకరలాడేలా వేయిస్తారు. బెండకాయని ఈ దేశానికి తెచ్చింది ఆఫ్రికా బానిసల ఓడలే. దక్షిణాది వంట అని ఇప్పుడు గొప్పగా చెప్పుకునేదాంట్లో సగం వాళ్ళ చేతి చలవ. ఇంకో చోట గ్రిట్స్ రుచి చూసిన అక్క "ఇది మా మక్క గట్కనే గదా, వెన్న ఎక్కువేసిన్రు" అని తేల్చేసింది.

ఒక్క జాగ్రత్త. శుక్రవారం మాంసం ముట్టనివాళ్ళు, అసలే తిననివాళ్ళు, ఈ ప్రాంతంలో ఆకుకూరని, చిక్కుళ్ళని నమ్మకండి. వాటిని పంది మాంసం ముక్కతో ఉడికించడం ఇక్కడి అలవాటు. ముందే అడిగితే ఏవి తినొచ్చో చెబుతారు. అత్తగారికి అలా అడిగే పెట్టించాం.

తిండి రుచి కంటే నాకు గుర్తుండిపోయింది ఇంకొకటి. ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం, మూడు పళ్ళేలూ వేడిగా ఉన్నాయి. అత్తగారు రెండుసార్లు లేవబోయారు, ఎవరికి ఏం కావాలో చూద్దామని. అలవాటు! "మీరిక్కడ వడ్డించక్కర్లేదండీ" అని భుజం పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. 68 ఏళ్ళ మనిషి. గుడికో, పెళ్ళికో, పురిటికో, ఆసుపత్రికో తప్ప ఊరికే ఒక ఊరికి వెళ్ళడం తనకి ఇదే మొదలని కారులో వస్తూ చెప్పారు. కుటుంబంతో కలిసి వెళ్ళొచ్చుగా అంటారు కొందరు. వెళ్తాం, ఎందుకు వెళ్ళం. కానీ ఆ ప్రయాణంలో పులిహోర డబ్బా మనదే, తడి రుమాళ్ళ సంచీ మనదే, "అమ్మా బాత్రూమ్" కూడా మనకే. వంటిల్లు చక్రాల మీద కదిలినట్టు ఉంటుంది.

ఈ ఊరు అందంగా ఉందని చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఇక్కడంతా బంగారం కథ. 1829లో ఈ కొండల్లో బంగారం ఉందని తెలిసి జనం వెల్లువలా వచ్చిపడ్డారు. అప్పటికి ఇది చెరోకీ తెగ వాళ్ళ నేల. వాళ్ళ భాషలో పసుపు రంగుకున్న మాటే ఊరికి పేరైంది. 1832లో ఆ నేలని 40 ఎకరాల ముక్కలు చేసి, జార్జియా ప్రభుత్వం లాటరీ తీసి తెల్లవాళ్ళకి పంచేసింది. 1838లో చెరోకీలను సైన్యం పెట్టి వెళ్ళగొట్టారు, వేలమంది దారిలోనే పోయారు. సరిగ్గా అదే సంవత్సరం డలానెగాలో బంగారు నాణేల టంకసాల మొదలైంది. 1861 దాకా అది 60 లక్షల డాలర్లకు పైగా విలువైన నాణేలు ముద్రించింది. ఆ పాత కోర్టు భవనమే ఇప్పుడు బంగారం మ్యూజియం. నా సలహా, దుకాణాల కంటే ముందు అందులోకి వెళ్ళండి. అద్దాల పెట్టెలో మెరిసే నాణేలు చూశాక మన చేతి గాజుల వైపు చూపు వెళ్ళకుండా ఉండదు. ఆ ఖాళీ చేయించిన ఇళ్ళలో వండుకుంటున్న గిన్నెలు పొయ్యి మీదే వదిలి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ఉండే ఉంటారని అక్క మెల్లిగా అంది. కాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు.

ఊళ్ళో పళ్ళెంలో ఇసుక పోసి బంగారం కడిగించే చోట్లున్నాయి. పిల్లల ఆట అనుకున్నాం. అత్తగారు పళ్ళెం అందుకుని, నీళ్ళలో ముంచి, మణికట్టు తిప్పుతూ పైపైన ఇసుకని బయటికి జార్చడం మొదలెట్టారు. నేర్పించడానికి వచ్చిన కుర్రాడు నోరు తెరిచి చూశాడు. బియ్యం గాలించడమే కదా అది! అక్కడ రాయి అడుగున మిగులుతుంది, ఇక్కడ బంగారం. ఆవిడకి నాలుగు రేకులు దొరికాయి, నాకు ఒకటి. చిన్న సీసాలో నీళ్ళు పోసి ఇచ్చారు.

ఇక డబ్బు సంగతి. నేను హెచ్-4 వీసా మీద వచ్చాను. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్న భార్యలకి ఉద్యోగం చేసే అనుమతే లేదు. తర్వాత వచ్చినా, భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే. అలా ఎంతమంది ఇంజనీర్లు, టీచర్లు వంటింట్లో ఉండిపోయారో నాకు తెలుసు, మీకూ తెలుసు. జీతం రాని మనిషికి తన మీద పది డాలర్లు ఖర్చు పెట్టాలన్నా చెయ్యి వెనక్కి లాగుతుంది. ఎవరూ అడగక ముందే మనమే సంజాయిషీ తయారు చేసుకుంటాం, సేల్‌లో ఉందనో, సగం ధరకే వచ్చిందనో.

నేనొకటి మొదలుపెట్టాను. నెల ఖర్చుల పట్టికలో కరెంటు, ఫోను, పిల్లల క్లాసుల కింద ఇంకో గీత కొట్టి నా పేరు రాశాను. 50 డాలర్లు. అది బహుమతి కాదు, అడిగి తీసుకునేది కాదు, ఏం చేశావని లెక్క చెప్పేదీ కాదు. ఒక నెల వాడకపోతే వచ్చే నెలకి చేరుతుంది. ఆ పట్టిక నడిపేది నేనే, పదేళ్ళుగా పైసా తేడా రాకుండా. "సంపాదించేవాడి కష్టం తెలియక" అనేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఆ పట్టికే. డలానెగా ఖర్చు మూడు నెలల గీతలోంచి వెళ్ళింది. పెట్రోలు, భోజనం, కప్పు, బంగారం ఇసుక, అన్నీ కలిపి. అవుట్‌లెట్స్‌లో రెండు హ్యాండ్‌బ్యాగులు కూడా రావు దానికి.

వెళ్ళాలనుకునేవాళ్ళు అక్టోబరు శని, ఆదివారాలు తప్పించండి. గోల్డ్ రష్ డేస్ పండగ, ఆకులు రంగు మారడం కలిసి ఊరు తిరణాలైపోతుంది, కారు పెట్టుకోవడానికి చోటుండదు. హోటళ్ళు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి, వారం మధ్యలో కొన్ని మూసి ఉంటాయి.

అత్తగారి ప్రయాణం జనవరిలో. ఈలోగా ఇంకో ఊరు చూడాలని ఆవిడే అడిగారు. అట్లాంటాకి తూర్పున మాడిసన్ అని ఉంది, పాత మేడలకి పేరు. నవంబరులో ఒక శుక్రవారం అనుకుంటున్నాం. కారు ఈసారి అక్క నడుపుతుంది.