రెండు ఫ్యాన్లు... గాలి ఒకవైపే!

ఎండాకాలంలో మీ కంప్యూటర్ పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోందా? ప్రాసెసర్ వేడెక్కుతోందేమో చూడండి. వేడి మితిమీరితే అది ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే సిస్టమ్ ఆగిపోతుంది. సేవ్ చేయని పని పోయినట్టే!

టవర్ కూలర్‌కి రెండో ఫ్యాను బిగించుకోవచ్చు. అయితే రెండూ ఎదురెదురుగా ఊదితే మొదటికే మోసం. ఫ్యానుకి ఒకవైపు మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ ఊచలుంటాయి. గాలి బయటికొచ్చేది అటునుంచే. రెండు ఫ్యాన్ల ఊచలూ క్యాబినెట్ వెనకవైపుకే ఉండాలి. అప్పుడు ముందుది గాలిని రేకుల్లోకి నెడుతుంది, వెనకది లాగి బయటికి పంపుతుంది.

మొదటి ఫ్యాను వైరును మదర్‌బోర్డు మీది 'సీపీయూ ఫ్యాన్' పిన్నులకు, రెండోదాన్ని 'సీపీయూ ఆప్ట్'కు తగిలించండి. అది లేకపోతే 'వై' కేబుల్ వాడొచ్చు. ఆ పిన్నులు సాధారణంగా 1 ఆంపియర్ వరకే తట్టుకుంటాయి. స్టిక్కర్ల మీది అంకెలు కూడి చూసుకోండి. 'వై' కేబుల్‌తో ఒక ఫ్యాను వేగమే తెలుస్తుంది. రెండోది ఆగినా హెచ్చరిక రాదు.

రెండో ఫ్యానుతో తగ్గేది చాలాసార్లు కొద్ది డిగ్రీలే. అందుకే డబ్బు ఖర్చుపెట్టే ముందు ప్లగ్గు తీసి, రేకుల్లో పేరుకున్న దుమ్ము దులపండి. సగం సమస్య అక్కడే తీరొచ్చు.