సగం ధర కారు, నిండు ధర బాధ

"ఇంత కారు ఇంత చవగ్గానా!" అని మగవాళ్లు నోరెళ్లబెట్టే చోటే మనం నోరు తెరవాలంటాను నేను.

కార్ల గురించి ఆడవాళ్లకేం తెలుసని మన ఇళ్లలో ఒక మాట ఉంది. ఇంజను సంగతి తెలియకపోవచ్చు, బేరం సంగతి తెలుసు. పావుకిలో వంకాయలు కొన్నా పుచ్చుందేమోనని తిప్పి చూసేది మనమే కదా!

మా మరిది కన్ను ఇప్పుడు ఒక పాత నిస్సాన్ 370జెడ్ మీద పడింది. జపాన్‌లో తయారై వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముందు భాగం ఒకసారి గుద్దుకుంటే బాగు చేయించారట. సైలెన్సర్ మార్చారు, ఎత్తు తగ్గించారు, టర్బో పెట్టారు. "సగం ధరకే వదినా!" అంటాడు. డబ్బు మాత్రం మా అమ్మాయి చదువుకి దాచిన ఎఫ్‌డీలోంచి రావాలట!

సగం ధర ఎందుకని ఎవరూ అడగరేం? రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కారుని పూర్తి నష్టం కింద లెక్కగడతారు. అలాంటి బళ్లకి అతుకులేసి, రంగులేసి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. అందుకే ముందు పాత క్లెయిమ్ కాగితాలు అడగాలి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. బానెట్ కింద కొత్త వెల్డింగ్ ఉందేమో చూడాలి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే ఏదో దాచారనే అనుమానించాలి.

ఇక ఆ హంగులు. "వీటికే లక్షలు పెట్టాను" అని అమ్మేవాడు ధరలో కలుపుతాడు. నా లెక్కలో అవి తీసేయాల్సినవి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. చెప్పకుండా చేసిన మార్పులుంటే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమూ చిక్కులో పడుతుంది. పైగా ఆ మోడల్ అమ్మకం ఇక్కడ ఆగిపోయి ఏళ్లయింది. ఒక హెడ్‌లైట్ పగిలినా విదేశాల నుంచి తెప్పించుకోవాలి.

"మనసుకి నచ్చినదానికి లెక్కలేంటి?" అంటారు మావారు. మనసు మరిదిది, ఎఫ్‌డీ పిల్లది. అందుకే లెక్కలు!

కాగితాలన్నీ ఉండి, తీసేసిన అసలు పార్టులు కూడా ఇచ్చి, మనం తీసుకెళ్లిన మెకానిక్ కారుని పైకెత్తి కింద చూస్తానంటే అడ్డు చెప్పనివాడైతే, అప్పుడు ఆలోచించవచ్చు, అదీ కొనేవాడి సొంత జీతంతో. అందులో ఏ ఒక్కదానికి నసిగినా అది చవక కాదు, వాడు వదిలించుకుంటున్న కష్టం.

"నీకేం తెలుసు" అనిపించుకోవడానికి భయపడకండి. తెలియదు కాబట్టే అడుగుతున్నానని చెప్పి, ఆ క్లెయిమ్ కాగితాలు అడగండి.