సన్మానాలు సరే, మ్యాచ్‌లేవి?

2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి, 2026 ఆసియా కప్‌లో అడుగుపెట్టే హక్కు సంపాదించుకుంది. అర్హత పోటీలు గెలిచి ఆ టోర్నీకి చేరడం మనకు అదే మొదటిసారి. రెండు గోల్సూ బెంగాల్ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్ కొట్టినవే. ఆ బృందంలో నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ నుంచి వచ్చిన కిరణ్ పిస్దా ఉంది. సౌమ్య ముంబయిలో కెంక్రే తరఫున, కేరళలో గోకులం తరఫున ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ జెర్సీ వేసుకుంది. కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ 2024–25 లీగ్ విజేతగా నిలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ ఏడాదే జాతీయ ఫెడరేషన్ ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఇన్ని ఊర్ల పేర్లు వచ్చాయి, హైదరాబాద్ పేరు మాత్రం రాలేదు. ఆ సీజన్ ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడిన ఎనిమిది క్లబ్బుల్లో తెలంగాణది గానీ, ఆంధ్రప్రదేశ్‌ది గానీ, ఛత్తీస్‌గఢ్‌ది గానీ ఒక్కటీ లేదు. పేదరికాన్ని జయించిన తండా బిడ్డ అని సౌమ్యను కీర్తించడం మనకు అలవాటైంది. ఆమె గొప్పదనాన్ని కాదనేవారెవరూ లేరు. అయితే ఆ కీర్తనలో మన పాత్ర ఎంత అన్న ప్రశ్న మరుగున పడుతోంది.

సొంత రాష్ట్రంలో క్లబ్ లేని ఈ లోటు అందరికంటే ఎక్కువగా దెబ్బతీసేది మిడ్‌ఫీల్డ్ ఆటగాళ్లను. స్ట్రైకర్‌కు ఓ పది రోజుల టోర్నీ చాలు. నాలుగు గోల్స్ కొడితే పేపర్లో పేరొస్తుంది, సెలెక్టర్ కంట్లో పడుతుంది. మిడ్‌ఫీల్డర్ పని అలా కాదు. బంతి తన దగ్గరికి రాకముందే అటూ ఇటూ చూసుకోవాలి, పక్క అమ్మాయి ఏ వైపు పరుగు తీస్తుందో పసిగట్టాలి, ఎనభయ్యో నిమిషంలో కాళ్లు లాగుతున్నా ఆట వేగాన్ని తన అదుపులో ఉంచుకోవాలి. ఇవన్నీ అదే తోటివాళ్లతో, వారం వారం, గెలుస్తూ ఓడుతూ ఆడితేనే పట్టుబడతాయి. క్యాంపుల్లో ఎంత పరిగెత్తించినా రావు. దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లోనే ఒక్కో జట్టుకు ఆ ఏడాది దక్కినవి 14 మ్యాచ్‌లు. కింది స్థాయి సంగతి చెప్పనక్కర్లేదు. స్కూల్ గేమ్స్ అండర్-19తో బడి ఆట ముగుస్తుంది. మిడ్‌ఫీల్డర్‌కు ఆట మీద అసలు పట్టు దొరకడం మొదలయ్యే వయసు సరిగ్గా అదే.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో, దేవేంద్ర నగర్‌లోని ఓ తెలుగు ఇంట్లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఫుట్‌బాలే తన బతుకు అంటే తల్లిదండ్రులు ఏం చూపించగలరు? ఆ నగరానికి స్టేడియాల కొరత లేదు. నవా రాయ్‌పూర్‌లో దేశంలోని పెద్ద క్రికెట్ మైదానాల్లో ఒకటుంది. 2015లో వరల్డ్ హాకీ లీగ్ ఫైనల్స్ జరిపిన హాకీ స్టేడియం ఉంది. ఎక్కడో నారాయణ్‌పూర్‌లోని రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానం కూడా 2024లో జాతీయ అండర్-20 పురుషుల పోటీలకు ఆతిథ్యమిచ్చింది. ఇక అమ్మాయిల విషయానికొస్తే, ఆ రాష్ట్రం నుంచి 2022–23లో జాతీయ లీగ్ ఆడిన మాతా రుక్మిణి జట్టు రాజధానిలో పుట్టలేదు. దాని మూలాలు బస్తర్‌లో ధరంపాల్ సైనీ గిరిజన బాలికల కోసం నడిపిన ఆశ్రమాల్లో ఉన్నాయి. పెద్ద జట్ల చేతిలో దెబ్బలు తిన్నా ఆ అమ్మాయిలు బరిలోకైతే దిగారు. మైదానం, కాంక్రీటు, ఫ్లడ్‌లైట్లు ఉన్నంత మాత్రాన జట్లు పుట్టవని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చూసేవాళ్లే లేని ఆటకు లీగ్ పెడితే డబ్బెవరిస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మహిళల క్రికెట్‌కు ఏది ముందొచ్చిందో ఓసారి చూడండి. బీసీసీఐ దాన్ని తన కిందికి తెచ్చుకున్నది 2006లో, కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో. దేశమంతా టీవీల ముందు కూర్చున్నది 2017 ప్రపంచ కప్ ఫైనల్‌కి. డబ్ల్యూపీఎల్ వచ్చింది 2023లో. ముందు ఎవరో ఖర్చు పెట్టారు, జనం తర్వాత వచ్చారు. మనం ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి పెళ్లయ్యాక మేళం పిలిచినట్టు, అమ్మాయి అంతర్జాతీయ క్రీడాకారిణి అయ్యాక చెక్కు పట్టుకుని వేదిక ఎక్కుతున్నాం.

ప్రతిభ ఉంటే కోల్‌కతా పిలుస్తుంది, సొంత రాష్ట్రంలో క్లబ్ ఎందుకన్నది రెండో వాదన. ఇది వినడానికి బాగుంటుంది గానీ, కోల్‌కతా పిలిచేది అప్పటికే తయారైన ఆటగత్తెను. ఇల్లు వదిలి వెళ్లగలిగిన ఒక్క సౌమ్య మనకు కనిపిస్తుంది. వెళ్లనివ్వని ఇళ్లలో ఆగిపోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

మనది ఫుట్‌బాల్ నేల కాదనే వాళ్లూ ఉన్నారు. ఫిజీదీ రగ్బీ నేలే. గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులు కూడా ఉన్న ఆ దీవుల మొత్తం జనాభా పది లక్షలకు లోపు. ఆ దేశపు మహిళల జట్టు 2018లో, 2022లో ఓషియానియా ఫైనల్ ఆడింది. రెండోసారి న్యూజిలాండ్ బరిలో లేదు, నిజమే. అయినా సువాలో సొంత జనం ముందు పాపువా న్యూ గినీ చేతిలో 1–2తో ఓడేదాకా పోరాడింది. అంత చిన్న దేశం పదకొండు మందిని కూడగట్టగలిగినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో చెరో ఆరు జట్లతో నాలుగు నెలల లీగ్ అసాధ్యమంటే నమ్మడం కష్టం. రైల్వే, పోలీసు జట్లతో మొదలుపెట్టవచ్చు. యూనివర్సిటీలకు తలో జట్టు బాధ్యత అప్పగించవచ్చు. మైదానాలు ఉన్నవే చాలు. రెఫరీల భత్యం, బస్సు కిరాయి, భోజనం, ఓ ఫిజియో జీతం: బడ్జెట్‌లో ముందుగా రాయాల్సిన పద్దులు ఇవి.